డ్రోన్ గింబల్ కెమెరాలు: ప్రకంపన, దృశ్య అంతరాయాల నివారణ

డ్రోన్ ఎటు ఒరిగినా, ఎటు తిరిగినా కెమెరా చూపును కోరిన దిక్కునే నిలిపి ఉంచే మోటారు చట్రాన్ని గింబల్ అంటారు. గింబల్ మీద తీసిన వీడియోను పాడుచేసేవి ముఖ్యంగా రెండు. మోటార్ల నుంచి, రెక్కల నుంచి పుట్టిన సన్నని వణుకు చట్రం గుండా కెమెరాకు చేరి బొమ్మను అలలుగా వంచడం మొదటిది. దీన్ని ప్రకంపన అంటారు. విద్యుత్ తీగల్లోనో రేడియో మార్గంలోనో చొరబడిన అవాంఛిత సంకేతం గీతలుగా, చుక్కలుగా, నిలిచిపోయిన ఫ్రేములుగా తెర మీద కనిపించడం రెండోది. ఇది దృశ్య అంతరాయం. రెండింటి కారణాలూ వేరు, నివారణా వేరు. ఈ వ్యాసం వాటి స్వరూపాన్ని, చరిత్రను, పనితీరును, సరిదిద్దే పద్ధతులను వివరిస్తుంది. స్థల ఉదాహరణగా తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీ ప్రాంతాన్ని తీసుకుంది.

నిర్వచనం, పరిధి

డ్రోన్ మీది కెమెరాకు మూడు రకాల కదలికలు తగులుతాయి. గాలికి డ్రోన్ ఒరగడం, మలుపు తిరగడం, ముందుకు వంగి వేగం పుంజుకోవడం నెమ్మదైన కదలికలు. ఇవి సెకనుకు కొన్ని సార్లకు మించవు. వీటిని గింబల్ మోటార్లు సరిదిద్దుతాయి. రెక్కలు తిరగడం వల్ల పుట్టే వణుకు సెకనుకు పదుల నుంచి వందల సార్లు ఉంటుంది. అంత వేగాన్ని గింబల్ మోటారు అందుకోలేదు. ఆ పని రబ్బరు డ్యాంపర్లది, రెక్కల సమతూకానిది. మూడోది డ్రోన్ పైకీ కిందికీ, పక్కలకూ జరగడం. కెమెరా కోణం మారకుండానే దాని స్థానం మారుతుంది కాబట్టి దీన్ని గింబల్ సరిచేయలేదు. జీపీఎస్, బారోమీటరు సాయంతో ఫ్లైట్ కంట్రోలర్ అదుపు చేస్తుంది.

ఈ విభజన తెలియక జరిగే పొరపాటు సర్వసాధారణం. వీడియో వణుకుతోందనగానే గింబల్ సెట్టింగులు మార్చడం మొదలుపెడతారు. రెక్క అంచు విరిగి ఉంటే ఏ సెట్టింగూ దాన్ని కప్పిపుచ్చలేదు. గింబల్ వణుకును ఆపే పరికరం కాదు, కోణాన్ని నిలిపే పరికరం. తర్వాతి విభాగాలన్నీ ఈ భేదం మీదే ఆధారపడతాయి.

చరిత్ర

ఒకదానిలో ఒకటి ఇమిడి, వేర్వేరు అక్షాల మీద తిరిగే వలయాల ఊహ చాలా పాతది. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దపు గ్రీకు యంత్ర నిపుణుడు బైజాంటియం ఫిలో, ఎటు తిప్పినా సిరా ఒలకని సిరాబుడ్డిని వర్ణించాడు. చైనాలో హాన్ వంశ కాలంలో ఇదే సూత్రంతో ధూపపాత్రలు చేశారు. 16వ శతాబ్దపు ఇటలీ గణితవేత్త జెరోలామో కార్డానో పేరు ఈ వలయాలకు స్థిరపడినా, వాటిని కనిపెట్టింది ఆయన కాదు. ఓడల దిక్సూచులకు ఈ అమరికే ఆధారమైంది.

కెమెరా విషయానికొస్తే, 1960లలో నెల్సన్ టైలర్ హెలికాప్టర్లకు కెమెరా మౌంట్లు రూపొందించాడు. 1970లలో గారెట్ బ్రౌన్ స్టెడీక్యామ్‌ను తయారుచేశాడు. 1976లో విడుదలైన ‘బౌండ్ ఫర్ గ్లోరీ’ చిత్రంలో దాన్ని వాడారు. తొలి డ్రోన్ గింబళ్లలో చిన్న సర్వో మోటార్లు ఉండేవి. అవి పళ్లచక్రాల మీద మెట్లుమెట్లుగా కదిలేవి కాబట్టి బొమ్మలో కుదుపు మిగిలిపోయేది. 2012 ప్రాంతంలో పళ్లచక్రాలు లేని బ్రష్‌లెస్ మోటారు నేరుగా అక్షాన్ని తిప్పే పద్ధతి రావడంతో పరిస్థితి మారింది. డీజేఐ జెన్‌మ్యూస్ శ్రేణి, అలెక్స్‌మాస్ పేరుతో ప్రచారంలోకి వచ్చిన కంట్రోలర్ బోర్డులు, 2013లో ఫ్రీఫ్లై విడుదల చేసిన మోవీ చేతి గింబల్ ఈ కాలానివే. 2014లో వచ్చిన ఫాంటమ్ 2 విజన్ ప్లస్‌తో మూడు అక్షాల గింబల్ చిన్న డ్రోన్‌లోనే భాగంగా అమరింది. 2019 నాటి మావిక్ మినీలో డ్రోన్, గింబల్ కలిపినా బరువు 249 గ్రాములే.

భారతదేశంలో పౌరుల డ్రోన్ వాడకం మీద 2014 అక్టోబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ ఆంక్ష విధించింది. 2018 డిసెంబరు 1 నుంచి నియమావళి అమల్లోకి వచ్చింది. ఇప్పుడున్నవి 2021 ఆగస్టు 25న ప్రకటించిన డ్రోన్ నియమాలు (చూడండి: నిబంధనలు). 2024 అక్టోబరు 22, 23 తేదీల్లో అమరావతి డ్రోన్ సదస్సు జరిగింది. దానిలో భాగంగా విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లతో ప్రదర్శన ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ రంగం ఎంత వేగంగా పెరిగిందో ఆ ప్రదర్శన చూపింది.

కడియం: చిత్రీకరణ స్థలంగా

కడియం రాజమహేంద్రవరానికి ఆగ్నేయంగా, గోదావరి తూర్పు డెల్టా కాలువల నీటి మీద బతికే మండలం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, వీరవరం, జేగురుపాడు, దుళ్ల, పొట్టిలంక, మాధవరాయుడుపాలెం గ్రామాల్లో నర్సరీలు పరచుకుని ఉన్నాయి. ఇక్కడి మొక్కలు దేశంలోని అనేక రాష్ట్రాలకు లారీల మీద వెళ్తాయి. కడియపులంక పూల మార్కెట్ జాతీయ రహదారి పక్కనే ఉంది. నూతన సంవత్సరానికి, జాతీయ పండుగలకు వేల కుండీలను అక్షరాలుగా, బొమ్మలుగా పేర్చడం ఇక్కడి నర్సరీ రైతుల ఆనవాయితీ. నేల మీద నిలబడి చూస్తే ఆ కూర్పు కుండీల వరుసల్లాగే ఉంటుంది. పైనుంచి చూస్తేనే అక్షరం కనిపిస్తుంది. అందువల్ల డ్రోన్ కెమెరాకు ఇక్కడ పని ఎక్కువ.

పచ్చదనం, నీరు కలిసిన ఈ నేల చూడటానికి ఎంత అందమైనదో కెమెరా స్థిరత్వానికి అంత కఠిన పరీక్ష. సరళరేఖల్లో పేర్చిన కుండీల వరుసలు, బోదెలు, కాలువ గట్లు ఫ్రేమంతా నిండి ఉంటాయి. అడవి మీదో కొండ మీదో కంటికి ఆనని చిన్న వంపు కూడా ఈ వరుసల మీద స్పష్టంగా బయటపడుతుంది. నీడ కోసం కట్టిన గ్రీన్ నెట్ల సన్నని అల్లిక మరో రకం చిక్కు తెస్తుంది (చూడండి: అంతరాయంలా కనిపించే లోపాలు). కొబ్బరి తోపులు రేడియో సంకేతాన్ని మింగుతాయి, గోదావరి నీటి తలం దాన్ని ప్రతిఫలింపజేస్తుంది. వేమగిరి, జేగురుపాడు వద్ద గ్యాస్ విద్యుత్ కేంద్రాలు, వాటి నుంచి సాగే అధిక వోల్టేజీ లైన్లు ఉన్నాయి. మండలం గుండా వెళ్లే చెన్నై–హౌరా రైలు మార్గానికి పైన 25 కిలోవోల్టుల తీగ ఉంది.

చలికాలపు రాత్రి చిత్రీకరణను విడిగా చెప్పుకోవాలి. చామంతి, పగటి వేళ తగ్గినప్పుడు మొగ్గ తొడిగే మొక్క. మొక్క తగినంత ఎదగకముందే పూయకుండా ఉండేందుకు రైతులు రాత్రివేళ చామంతి మడుల మీద విద్యుత్ దీపాలు వెలిగిస్తారు. చీకట్లో వరుసలు వరుసలుగా వెలిగే ఈ మడులు పైనుంచి ఎంతో ఆకర్షణీయంగా కనిపిస్తాయి. కానీ తక్కువ వెలుతురు, మినుకుమనే దీపాలు, వణుకు మూడూ ఒకే షాట్‌లో కలిసేది ఇక్కడే.

గింబల్ నిర్మాణం, పనితీరు

మూడు అక్షాల గింబల్‌లో డ్రోన్‌కు దగ్గరగా, అన్నిటికీ వెలుపల కుడి ఎడమలకు తిప్పే మోటారు, దాని తర్వాత పక్కకు ఒరగడాన్ని సరిచేసే మోటారు, కెమెరాకు ఆనుకుని పైకీ కిందికీ వంచే మోటారు ఉంటాయి. ఈ వరుస వల్లే కెమెరాను నిట్టనిలువుగా నేలవైపు తిప్పినా ఏ రెండు అక్షాలూ ఒకే గీత మీదికి రావు. నర్సరీ కూర్పులను సరిగ్గా నడినెత్తి నుంచి తీయడం దీని వల్లే సాధ్యమవుతోంది. రెండు అక్షాల గింబల్‌లో కుడి ఎడమల మోటారు ఉండదు. డ్రోన్ తోక అటూ ఇటూ అదిరినప్పుడల్లా బొమ్మ కూడా అదురుతుంది.

కెమెరా పళ్లెం మీద చిన్న చిప్‌లో జైరోలు, త్వరణమాపకాలు ఉంటాయి. జైరో కోణీయ వేగాన్ని చెబుతుంది. త్వరణమాపకం భూమి లాగే దిశను బట్టి ఏది మట్టమో చెబుతుంది. కంట్రోలర్ సెకనుకు వందలు, వేల సార్లు ఈ రీడింగులు చదివి, కోరిన కోణానికీ ఉన్న కోణానికీ తేడా లెక్కగట్టి, ఆ తేడా పోయేంత బలాన్ని మోటారుకు పంపుతుంది. మెరుగైన గింబళ్లలో ప్రతి మోటారుకూ కోణాన్ని కొలిచే అయస్కాంత ఎన్‌కోడర్ ఉంటుంది. దాని వల్ల మోటారు అవసరమైనంత విద్యుత్తే తీసుకుంటుంది, వేడీ తగ్గుతుంది.

ఈ సెన్సారుకే వణుకు తగిలితే రెండు నష్టాలు కలుగుతాయి. సెన్సారు చదివే వేగంలో సగానికి మించిన పౌనఃపున్యంతో వచ్చే వణుకు, లెక్కలో నెమ్మదైన కదలికగా మారువేషం వేస్తుంది. లేని ఒరుగును సరిచేయబోయి గింబల్ తానే కెమెరాను ఊపుతుంది. రెండోది, బలమైన వణుకు త్వరణమాపకం సగటును పక్కకు లాగుతుంది, దిగంతం వాలిపోతుంది. దౌలేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ వంటి పొడవైన కట్టడాన్ని తీసేటప్పుడు రెండు డిగ్రీల వాలు కూడా ఎవరి కంటికైనా ఆనుతుంది.

ప్రకంపనల పుట్టుక

నిమిషానికి 6,000 చుట్లు తిరిగే మోటారు సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది. రెక్క ఒక వైపు పిసరంత బరువుగా ఉంటే 100 హెర్ట్జ్ వణుకు పుడుతుంది. రెండు రెక్కల ప్రొపెల్లర్ చట్రం చేతి మీదుగా దాటిన ప్రతిసారీ గాలి తోపు మారుతుంది కాబట్టి 200 హెర్ట్జ్ వద్ద మరొకటి చేరుతుంది. పెద్ద రెక్కలు నెమ్మదిగా తిరుగుతాయి, వాటి వణుకు తక్కువ పౌనఃపున్యంలో ఉంటుంది. ఆపడానికి కష్టమైనది అదే.

అసమతూకపు రెక్క, అంచు చిట్లిన రెక్క, వంగిన మోటారు ఇరుసు, అరిగిన బేరింగు, వదులైన స్క్రూ, పగులు పట్టిన చేయి అన్నవి తరచుగా కనిపించే మూలాలు. నర్సరీ మడుల్లో దిగేటప్పుడు ఇసుక, కొబ్బరి పీచు పొడి మోటారులోకి చేరి బేరింగును త్వరగా అరగదీస్తాయి. చట్రానికి సొంతంగా ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. మోటారు వేగం దానికి సరితూగితే అనునాదం ఏర్పడి చిన్న వణుకే ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఒకే డ్రోన్ గాల్లో నిలకడగా ఉన్నప్పుడు చక్కగా తీసి, ముందుకు కదలగానే బొమ్మను వణికించడానికి తరచుగా ఇదే కారణం.

రెక్కల సమతూకాన్ని అయస్కాంతాల మధ్య తేలే ఇరుసున్న చిన్న పరికరం మీద చూస్తారు. బరువుగా ఉండి కిందికి వాలిన రెక్కను వెనుకవైపు సన్నని ఇసుక కాగితంతో రుద్దుతారు, లేదా తేలిక రెక్కకు పారదర్శక టేపు ముక్క అంటిస్తారు. కార్బన్ ఫైబర్ రెక్కల పొడి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి వాటికి టేపే మేలు. రెక్కలతో పాటు వాటిని బిగించే కుదురును కూడా చూడాలి. చిట్లిన రెక్కను అతికించి వాడటం సమతూకానికే కాదు, కింద ఉన్న మనుషులకూ ప్రమాదం.

జెల్లో: అలల్లా వంగే బొమ్మ

చాలా డ్రోన్ కెమెరాల సెన్సారు బొమ్మనంతా ఒకేసారి చదవదు. పై వరుస నుంచి కింది వరుస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. దీనికి 20 మిల్లీసెకన్లు పట్టిందనుకుంటే, ఆ సమయంలో 100 హెర్ట్జ్ వణుకు రెండు పూర్తి ఊపులు ఊగుతుంది. పై వరుసలు కెమెరా ఒక చోట ఉండగా, తర్వాతి వరుసలు మరో చోట ఉండగా నమోదవుతాయి. ఫలితంగా నిటారైన గీత రెండు అలలుగా వంగుతుంది. దీన్నే వీడియోగ్రాఫర్లు జెల్లో అంటారు. ఫ్రేములో అలలు ఎన్నున్నాయో లెక్కపెట్టి వణుకు పౌనఃపున్యాన్ని, దాన్నుంచి మూలాన్ని అంచనా వేయవచ్చు. అలలు రెట్టింపైతే అనుమానం ఇరుసు చుట్ల నుంచి రెక్కలు చేతిని దాటే లయ మీదికి మళ్లుతుంది.

ఎండలో షటర్ సెకనులో వెయ్యో వంతుకు తగ్గుతుంది. అప్పుడు ప్రతి వరుసా పదునుగా పడి అల మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఎన్‌డీ ఫిల్టరు పెట్టి కాంతిని తగ్గిస్తే షటర్‌ను సెకనులో 50వ వంతు దాకా పొడిగించవచ్చు. సెకనుకు 25 ఫ్రేముల వీడియోకు ఈ వేగం కదలికను సహజంగా చూపుతుంది. 20 మిల్లీసెకన్ల ఆ వ్యవధిలో వణుకు రెండు ఊపులూ ఒకే వరుసలో సగటైపోతాయి. అల మాయమవుతుంది కానీ పదును కొంత తగ్గుతుంది. వణుకు కనిపించకుండా పోయిందే తప్ప వణుకు పోలేదు. ఫిల్టరు బరువు కెమెరా ముందుభాగానికి చేరుతుంది కాబట్టి గింబల్‌ను మళ్లీ తూచాలి. మడత డ్రోన్లకు వాటి కోసం చేసిన తేలిక ఫిల్టర్లే వాడాలి.

డ్యాంపర్లు

గింబల్ పళ్లేనికీ డ్రోన్ చట్రానికీ మధ్య ఉండే బోలు సిలికాన్ లేదా రబ్బరు బంతులే డ్యాంపర్లు. బరువైన సినిమా కెమెరాలకు ఉక్కు తీగ చుట్టలు వాడతారు. వీటి పనిని నిర్ణయించేది కెమెరా బరువుకూ బంతి మెత్తదనానికీ మధ్య నిష్పత్తి. ఆ రెండూ కలిసి వేలాడే భాగానికి ఒక సహజ పౌనఃపున్యాన్ని ఇస్తాయి. వచ్చే వణుకు దానికి సుమారు 1.4 రెట్లు దాటినప్పుడే డ్యాంపర్ వణుకును తగ్గించడం మొదలుపెడుతుంది. అంతకన్నా తక్కువైతే తగ్గించకపోగా పెంచుతుంది. సిద్ధాంతరీత్యా రెండు రెట్లుంటే మూడో వంతు, నాలుగు రెట్లుంటే పదిహేనో వంతు వణుకు మాత్రమే కెమెరాకు చేరుతుంది.

100 హెర్ట్జ్ వణుకుకు 25 హెర్ట్జ్ వద్ద ఊగే అమరిక తగినదన్నమాట. కెమెరా బరువుకు డ్యాంపర్ సుమారు 0.4 మిల్లీమీటరు సాగితే ఆ పౌనఃపున్యం వస్తుంది, 0.6 మిల్లీమీటరు సాగితే 20 హెర్ట్జ్ దగ్గరికి దిగుతుంది. బంతులు గట్టివైతే వణుకు నేరుగా దాటిపోతుంది. మరీ మెత్తవైతే గాలికి గింబల్ మొత్తం లోలకంలా ఊగుతుంది, ఆ ఊపును గింబల్ సరిచేయబోయి రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. తేలికైన కెమెరాకు మెత్తని బంతులు దొరకనప్పుడు పళ్లెం మీద కొంత బరువు చేర్చడం కూడా ఒక పరిష్కారం. దాని వల్ల ఎగిరే సమయం కొంత తగ్గుతుంది.

బంతులు నాలుగూ ఒకే గట్టిదనంతో ఉండాలి. కెమెరా బరువు వాటి మధ్యకు పడాలి. కెమెరాకు వెళ్లే తీగలు బిగుతుగా ఉంటే డ్యాంపర్లను తప్పించుకుని వణుకు తీగల గుండానే చేరుతుంది, అందుకే వాటిని వదులు మలుపుతో, మెత్తని సన్నరకంతో వేస్తారు. బంతి ఊడినా గింబల్ పడిపోకుండా కట్టే భద్రతా పిన్నులు కూడా పళ్లేన్ని తాకకూడదు. గోదావరి తీరపు ఎండకూ తేమకూ రబ్బరు గట్టిపడుతుంది, అంచుల్లో పగుళ్లు పడుతుంది. కొత్తలో బాగున్న వీడియో రెండో వేసవికి వణకడం మొదలైతే ముందుగా బంతులనే చూడటం మంచిది.

సమతూకం, ట్యూనింగ్

విద్యుత్ ఇవ్వకుండా కెమెరాను ఏ కోణంలో వదిలినా అక్కడే నిలవాలి. ముందు పైకీ కిందికీ, తర్వాత పక్కకు, చివర కుడి ఎడమలకు తూచుతారు. తూకం తప్పితే మోటారు తన బలాన్ని కెమెరాను మోయడానికే ఖర్చుచేసి వేడెక్కుతుంది. లెన్స్ మూత, మెమరీ కార్డు, ఫిల్టరు అన్నీ ఎగిరేటప్పుడు ఉండేలాగే ఉంచి తూచాలి. గింబల్ బిగింపు తీయకుండా విద్యుత్ ఇస్తే మోటార్లు పెనుగులాడి దెబ్బతింటాయి.

ఆ తర్వాతే గెయిన్ల మార్పు. తేడాకు ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే విలువను మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట గింబల్ సన్నగా గీపెడుతుంది. అక్కడి నుంచి కాస్త వెనక్కి రావాలి. ఆ శబ్దం వినపడకపోయినా వీడియోలో వణుకుగా పడుతుంది. విలువ తక్కువైతే కెమెరా ఆలస్యంగా, తేలుతున్నట్టు కదులుతుంది. జైరో సున్నా విలువ వేడితో మారుతుంది కాబట్టి క్యాలిబ్రేషన్‌ను కదలని మట్టపు తలం మీద, డ్రోన్ నీడలో ఉండగా చేయాలి. లారీ బానెట్ మీదో ఇనుప బల్ల మీదో దిక్సూచి క్యాలిబ్రేషన్ చేయకూడదు. అధిక వోల్టేజీ లైన్ల కింద, రాజమహేంద్రవరంలోని రోడ్డు–రైలు వంతెన, పాత హేవలాక్ వంతెన వంటి ఉక్కు కట్టడాల దగ్గర దిక్సూచి తప్పుదారి పట్టవచ్చు. అప్పుడు కెమెరా కుడికో ఎడమకో మెల్లగా జారుతుంది.

దృశ్య అంతరాయం: తీగల్లో

మోటార్లను నడిపే ఈఎస్‌సీలు బ్యాటరీ ప్రవాహాన్ని సెకనుకు వేల సార్లు తెంపి కలుపుతుంటాయి. అదే బ్యాటరీ నుంచి కెమెరాకూ వీడియో ట్రాన్స్‌మిటరుకూ విద్యుత్ ఇస్తే ఆ తెంపులు అనలాగ్ వీడియోలో పాకే అడ్డగీతలుగా కనిపిస్తాయి. థ్రాటిల్ పెంచినప్పుడు గీతలు చిక్కబడితే కారణం ఇదే. ఈఎస్‌సీ బ్యాటరీ తీగల మొదట్లో తక్కువ అంతర్నిరోధమున్న కెపాసిటర్ అతకడం మొదటి మందు. కెమెరా విద్యుత్ దారిలో ప్రేరక చుట్ట, కెపాసిటర్ కలిసిన ఫిల్టరు పెట్టడం రెండోది. వీడియోకు విడి వోల్టేజీ రెగ్యులేటరు ఇవ్వడం ఇంకా మెరుగు.

నెగెటివ్ తీగ రెండు దారుల్లో తిరిగి వచ్చి వలయం ఏర్పడితే ఆ వలయమే విద్యుత్ గోలను, అంటే అవాంఛిత సంకేతాన్ని పట్టే యాంటెన్నా అవుతుంది. అందుకే కెమెరా, ట్రాన్స్‌మిటరు నెగెటివ్‌లను ఒకే బిందువు వద్ద కలుపుతారు. విద్యుత్ తీగలను జంటగా మెలివేయడం వల్ల వాటి అయస్కాంత క్షేత్రాలు చాలావరకు ఒకదాన్నొకటి రద్దుచేసుకుంటాయి. గింబల్ మోటారు తీగలు సెన్సారు తీగ పక్కనే వెళ్తే రీడింగులు తప్పి కెమెరా ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. ఆ రెండింటినీ దూరంగా వేసి, మోటారు తీగలను ఫెర్రైట్ వలయం గుండా రెండు మూడు చుట్లు తిప్పుతారు. హెచ్‌డీఎంఐ తీగల నుంచి, యూఎస్‌బీ 3 తీగల నుంచి వెలువడే గోల 1,575.42 మెగాహెర్ట్జ్ వద్ద వచ్చే బలహీనమైన జీపీఎస్ సంకేతాన్ని దెబ్బతీయవచ్చు. రాగి రేకు చుట్టి, ఆ రేకును నెగెటివ్‌కు కలపడం దీనికి పరిష్కారం. దేనికీ కలపని రేకు వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు.

దృశ్య అంతరాయం: గాలిలో

డ్రోన్ నుంచి నేలకు వీడియో సాధారణంగా 2.4 లేదా 5.8 గిగాహెర్ట్జ్ పట్టీలో వస్తుంది. వైఫై కూడా అక్కడే ఉంటుంది. రిమోట్ 2.4లో ఉంటే వీడియోను 5.8లో పంపడం మేలు. పాతకాలపు 1.2 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్ల రెండో అనుస్వరం 2.4 వద్ద పడి రిమోట్‌నే ముంచేది. అనలాగ్‌లో సంకేతం తగ్గేకొద్దీ చుక్కలు పెరుగుతూ ముందే హెచ్చరిక అందుతుంది. డిజిటల్‌లో చివరిదాకా బొమ్మ బాగుండి, హఠాత్తుగా గడ్డకడుతుంది. నేల మీద తెర నిలిచిపోయినా డ్రోన్‌లోని కార్డులో వీడియో చక్కగా రికార్డవుతూనే ఉంటుంది. ఈ తేడాను గమనిస్తే లోపం రేడియోదో కెమెరాదో వెంటనే తేలుతుంది.

పచ్చని ఆకులోని నీరు సూక్ష్మ తరంగాలను పీల్చుకుంటుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ నష్టం పెరుగుతుంది. కాబట్టి కొబ్బరి తోపుల వెనక 5.8 కంటే 2.4 ఎక్కువ దూరం నిలుస్తుంది. చూపు రేఖ కనిపిస్తే సరిపోదు, దాని చుట్టూ కొంత ఖాళీ ఉండాలి. కిలోమీటరు దూరానికి నడిమధ్యలో ఈ ఖాళీ వ్యాసార్ధం 5.8 గిగాహెర్ట్జ్‌కు దాదాపు 3.6 మీటర్లు, 2.4కు 5.6 మీటర్లు. చెట్ల తలలను తాకుతున్నట్టుగా పోయే మార్గంలో బొమ్మ తెగడానికి ఇదే కారణం. కడియంలో నర్సరీ మధ్య నిలబడటం కంటే కాలువ గట్టు ఎక్కితే తరచుగా సమస్య తీరిపోతుంది.

గోదావరి మీద చిక్కు వేరు. నేరుగా వచ్చిన తరంగం, నీటి మీద తగిలి వచ్చిన తరంగం కలిసినప్పుడు కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. డ్రోన్ కాస్త పైకో కిందికో జరగగానే బొమ్మ తిరిగి వస్తుంది. వృత్తాకార ధ్రువణం గల యాంటెన్నాలు, ఒకసారి ప్రతిఫలించి ఎదురు ధ్రువణంతో వచ్చే తరంగాన్ని చాలావరకు తోసిపుచ్చుతాయి. కడ్డీ యాంటెన్నా కొనను డ్రోన్ వైపు గురిపెట్టడం సామాన్యంగా జరిగే తప్పు. కొన దిశలో దాని ప్రసారం అతి తక్కువ.

అంతరాయంలా కనిపించే లోపాలు

గ్రీన్ నెట్ల అల్లిక కెమెరా పిక్సెళ్ల అమరికతో పోటీపడినప్పుడు అసలు దృశ్యంలో లేని వంపు చారలు వీడియోలో పుడతాయి. దీన్ని మాయరే అంటారు. డ్రోన్ ఎత్తు మారితే చారలు కూడా రూపు మార్చుకుంటాయి. విద్యుత్ గోల వల్ల వచ్చే గీతలు ఎత్తును బట్టి మారవు. ఎత్తు కొద్దిగా మార్చడం, వీడియో పదును సెట్టింగు తగ్గించడం దీనికి సరిపోతుంది.

మన విద్యుత్ సరఫరా 50 హెర్ట్జ్ కాబట్టి సాధారణ దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. చామంతి మడుల మీద తక్కువ రకం ఎల్‌ఈడీ దీపాలుంటే వీడియోలో నల్లని పట్టీలు పాకుతాయి. షటర్‌ను సెకనులో 50వ లేదా 100వ వంతు వద్ద కట్టేస్తే ప్రతి వరుసా పూర్తి ఊపులను గ్రహించి పట్టీలు పోతాయి. అమెరికా పద్ధతి ప్రకారం 60వ వంతు వద్ద వదిలేస్తే మిగులుతాయి.

మరొకటి కుదింపు లోపం. గాలికి కదిలే లక్షల ఆకులను తక్కువ బిట్‌రేటులో నమోదుచేస్తే పచ్చదనం గడులు గడులుగా, బురదగా మారుతుంది. దీనికి గింబల్‌తో సంబంధం లేదు. బిట్‌రేటు పెంచాలి, తగిన వేగమున్న మెమరీ కార్డు వాడాలి.

లోప నిర్ధారణ

మూలం నుంచి కెమెరా వైపు వెళ్లే వరుస ఫలితమిస్తుంది. మొదట రెక్కలు తీసేసి, డ్రోన్‌ను గట్టిగా పట్టి ఉంచి మోటార్లను మాత్రం తిప్పి రికార్డు చేస్తారు. అప్పుడూ వణుకు ఉంటే దోషం మోటారుది. లేకపోతే రెక్కలను ఒక్కొక్కటిగా మార్చి చూస్తారు. ఫ్లైట్ కంట్రోలర్ నమోదుచేసే త్వరణాల లాగ్ ఉంటే పని సులువు. ఆర్డుపైలట్ వంటి ఓపెన్ సోర్సు వ్యవస్థల్లో వణుకు పౌనఃపున్యాన్ని గ్రాఫుగానే చూడవచ్చు. ఆ తర్వాత డ్యాంపర్లు, తీగల బిగువు, తూకం, చివరగా గెయిన్లు. అంతరాయానికైతే మోటార్లు ఆపి, తర్వాత నడిపి, తర్వాత కెమెరాకు విడి బ్యాటరీ ఇచ్చి మూడు ముక్కలు రికార్డు చేసి పోల్చుతారు. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

తీసిన తర్వాత సాఫ్ట్‌వేరుతో సరిదిద్దడమూ ఉంది. జైరో లాగ్‌ను బట్టి ఫ్రేములను తిప్పే జైరోఫ్లో వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు నెమ్మదైన ఊపును బాగా తీస్తాయి, కానీ ఫ్రేము అంచులు కోతపడతాయి. ఎక్స్‌పోజర్ సమయంలోనే కలిసిపోయిన మసకను ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు.

నిబంధనలు

2021 నియమాల ప్రకారం 250 గ్రాముల వరకు నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్న డ్రోన్ల తరగతి. పెళ్లిళ్లకు, ప్రకటనలకు డబ్బు తీసుకుని మైక్రో డ్రోన్ ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం. గ్రీన్ జోన్‌లో ఎత్తు పరిమితి 400 అడుగులు. విమానాశ్రయ సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అది 200 అడుగులే. మధురపూడి విమానాశ్రయం రాజమహేంద్రవరానికి ఉత్తరాన ఉంది, కడియం ఆగ్నేయాన ఉంది. అయినా విద్యుత్ కేంద్రాల వంటి కీలక స్థలాలు ఉన్నందున ఎగరేసే ముందు డిజిటల్ స్కై పటం చూడటం తప్పనిసరి. తయారైన విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిషేధించింది. విడిభాగాలను మినహాయించింది. అప్పటి నుంచి, చేతిలో ఉన్న గింబల్‌ను బాగుచేసుకుని వాడే నైపుణ్యానికి విలువ పెరిగింది.

ప్రాముఖ్యం

పెళ్లి వీడియోలో వణుకు కంటికి ఇబ్బంది మాత్రమే. కొలతల పనిలో అది తప్పుడు లెక్క. నర్సరీలో కుండీలను ఫోటోల నుంచి లెక్కించేటప్పుడు, ఆకుల రంగును బట్టి తెగులు సోకిన మడిని గుర్తించేటప్పుడు, మసకబారిన అంచు రెండు మొక్కలను ఒకటిగా చూపుతుంది. పటాల తయారీకి తీసే ఫోటోల్లో వరుసలు వంగితే వాటిని జతచేసే సాఫ్ట్‌వేరు ఎత్తులను తప్పుగా గణిస్తుంది. అందుకే ఈ పనికి బొమ్మనంతా ఒకేసారి నమోదుచేసే మెకానికల్ లేదా గ్లోబల్ షటర్ కెమెరాలను ఎంచుకుంటారు. వరద సమయంలో లంక గ్రామాల్లో చిక్కుకున్నవారిని వెతికే డ్రోన్‌కు జూమ్ ఎంత పెరిగితే గింబల్ వణుకు అంత పెద్దదై కనిపిస్తుంది. పది రెట్ల జూమ్‌లో పదో వంతు డిగ్రీ కదలిక, జూమ్ లేని చిత్రంలో ఒక డిగ్రీ కదలికతో సమానం. 2027లో జరగనున్న గోదావరి పుష్కరాల్లో ఘాట్ల రద్దీని పైనుంచి గమనించే కెమెరాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అక్కడ నేలకు అందే ప్రత్యక్ష చిత్రమే ఆధారం; జనం ఫోన్ల మధ్య 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ కిక్కిరిసి ఉంటుంది కాబట్టి 5.8 పట్టీ, ఎత్తైన చోట నేల యాంటెన్నా, ముందుగానే చేసిన ప్రసార పరీక్ష అవసరమవుతాయి.